మాట పడిపోయిన పెద్దాయనకు జ్ఞాపకాలు వినిపించడం, ఆయన కొడుకుకు తోడు నిలవడం

కర్నూలు పాతబస్తీలో ఉంటున్న మీ మిత్రుని నాయనగారికి మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయనీ, మాట కూడా పోయిందనీ, ఇంట్లో మిత్రుడూ వాళ్ల అమ్మగారూ ఇద్దరే చూసుకుంటున్నారనీ రాశారు. బడిలో కలిసి చదువుకున్న మీరు ఆరుగురు వాట్సాప్‌లో రోజూ ధైర్యం చెబుతున్నా మిత్రుడు బదులివ్వడం మానేశాడన్నారు. కె.సి. కాలువ మీద పనిచేసి రిటైరైన ఆ పెద్దాయన మీ అందరికీ సొరబుర్రలు కట్టి ఈత నేర్పిన సంగతులూ, 2009 వరద రోజున వీధిలో అందరినీ మిద్దెల మీదికి ఎక్కించిన సంగతులూ రాసి ఆయనకు చదివి వినిపించాలని మీకుంది. కానీ బతికి ఉన్న మనిషికి సంస్మరణ చేసినట్టు ఉంటుందని మీలో ఒకరు అడ్డు చెప్పారు. అనంతపురం, కర్నూలు జిల్లాల్లో పక్షవాత రోగుల వార్డుల్లోనూ, ఆ తర్వాత వారి ఇళ్లలోనూ నర్సుగా చాలా ఏళ్లు సేవ చేసిన అనుభవంతో చెబుతున్నాను. ఆ జ్ఞాపకాలను తప్పక వినిపించండి, ఆలస్యం చేయకండి, ఆయనకే వినిపించండి. అదే సమయంలో, మిత్రుడు నోరు తెరిచి అడగకముందే ఆ ఇంటి పనుల్లో కొన్నింటిని మీ మీద వేసుకోండి. ఈ రెండూ కలిసి జరిగితేనే మీ రాక ఆ ఇంటికి బరువు కాకుండా ఉంటుంది.

ముందు అపశకునం సంగతి. మనిషి బతికి ఉండగానే ఆయన మంచిని నలుగురిలో చెప్పుకోవడానికి మన పెద్దలు చోటు పెట్టారు. అరవై నిండితే షష్టిపూర్తి, డెబ్బయ్యో ఏట భీమరథ శాంతి, వెయ్యి పున్నములు చూసినవారికి సహస్ర చంద్ర దర్శనం జరుపుతాము. ఆ వేడుకల్లో బంధువులూ మిత్రులూ ఆ మనిషి చేసిన మేలు తలచుకుంటే ఎవరూ తప్పుపట్టరు. అదే మనిషి మంచాన పడేసరికి మాత్రం అందరికీ నోరు కట్టుబడిపోతుంది. ఆయన పోయాక, ఇక ఆయన వినే వీలు లేని నాడు, దాచుకున్న మాటలన్నీ బయటికి వస్తాయి. ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం, ఎందుకంటే మాట పోయిన రోగి చెవి చాలాసార్లు మనం అనుకున్నదానికన్నా బాగా పనిచేస్తూ ఉంటుంది. జాగ్రత్త పడవలసింది చెప్పే తీరులో. మంచం పక్కన నిలబడి 'ఎంత మంచి మనిషి, ఎట్లా ఉండేవారు' అని ఒకరితో ఒకరు అనుకుంటే అది నిజంగానే సంతాప సభలా వినిపిస్తుంది. ఆయన కళ్లలోకి చూస్తూ 'మీరు నాకు నేర్పిన ఈతే నేను నా కొడుక్కి నేర్పుతున్నాను' అని చెబితే, ఆయన చేసిన పని ఇంకా సాగుతున్నదని ఆయనకు తెలుస్తుంది. శాలువా, దండ, మంచం చుట్టూ నిలబడి తీసుకునే ఫొటో, ఇవేవీ వద్దు.

ఇక ఆయన స్థితి గురించి. కుడివైపు పడిపోయి మాట కూడా పోయిందంటే సాధారణంగా మెదడులో ఎడమ భాగం దెబ్బతిన్నదని అర్థం, ఎందుకంటే ఎక్కువమందిలో భాషను నడిపించే భాగాలు ఎడమవైపే ఉంటాయి. మాట పోవడమంటే తెలివి పోవడం కాదు. కొందరికి విన్నది అర్థమవుతుంది కానీ చెప్పాలనుకున్న మాట నోటికి రాదు. కొందరు ధారాళంగా మాట్లాడతారు కానీ ఆ మాటలకు పొంతన ఉండదు, విన్నది కూడా సరిగ్గా అందదు. చాలామందిలో రెండు ఇబ్బందులూ కొంత కొంత కలిసి ఉంటాయి. ఆయనది ఏ రకమో నరాల డాక్టరునో, స్పీచ్ థెరపిస్టునో అడిగి తెలుసుకొమ్మని మిత్రునికి చెప్పండి. మీరు ఎలా మాట్లాడాలన్నది దాన్ని బట్టే ఉంటుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మెరుగుదల ఎక్కువగా కనిపిస్తుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుందే తప్ప ఆగిపోదు. ఆయనతో మాట్లాడే మనుషులు రోజూ ఉండడం అవసరమైన కాలం ఇదే.

మన ప్రాంతంలో రోగిని పలకరించడానికి వెళ్లినవారిలో చాలామంది ప్రేమతోనే చేసే ఒక పని రోగిని అన్నిటికన్నా ఎక్కువగా నొప్పిస్తుంది. మంచం దగ్గరికి వంగి 'నేనెవరో చెప్పు చూద్దాం, నన్ను గుర్తుపట్టినావా?' అని అడుగుతారు. ఆయనకు మనిషి తెలుస్తాడు, పేరు రాదు. ఇంట్లోవాళ్లు కూడా పక్కన చేరి 'చెప్పు, చెప్పు' అంటారు. చివరికి ఆయన ముఖం గోడవైపు తిప్పుకుంటాడు, వచ్చినవారు 'పాపం, గుర్తు లేదు' అంటూ బయటికి వస్తారు. మీలో ఎవరూ ఈ పరీక్ష పెట్టకండి. లోపలికి వెళ్లగానే మీరే చెప్పండి: 'మామా, నేను ఫలానా. మీ వాడితో కలిసి చదివినోణ్ణి. కాలువలో మీరే నాకు ఈత నేర్పినారు.' మీలో ఒకరు ఆయనను చిన్నప్పటి నుంచీ 'చాచా' అని పిలిచేవారని రాశారు. ఆ స్నేహితుడు ఇప్పుడూ అలాగే పిలవాలి. చెవికి అలవాటైన ఆ పిలుపే మనిషిని గుర్తు చేస్తుంది.

చెవుడు లేని మనిషితో గట్టిగా అరవకండి, చిన్న పిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడకండి. వాక్యాలు చిన్నవిగా, ఒక్కోసారి ఒక్క సంగతి మాత్రమే చెప్పండి. అడిగేది తలూపి ఔననో కాదనో చెప్పగలిగేటట్టు ఉండాలి. అడిగిన తర్వాత ఆగండి, మనకు ఇబ్బందిగా అనిపించేంతసేపు ఆగండి, ఎందుకంటే ఆ నిశ్శబ్దంలో ఆయన మాటను వెతుక్కుంటూ ఉంటాడు. ఆయన బదులు మీరు వాక్యం పూర్తి చేయకండి. టీవీ ఆపించండి. ఇలాంటివారిలో కొందరికి కుడివైపు చూపు కూడా తగ్గుతుంది కాబట్టి ఎటు కూర్చుంటే మీ ముఖం బాగా కనబడుతుందో అమ్మగారిని అడిగి అటు కూర్చోండి. స్నానం, టిఫిను అయ్యాక, ఫిజియోథెరపీ వల్ల అలసట లేని సమయంలో ఒక్కసారి ఇద్దరు మాత్రమే పదిహేను, ఇరవై నిమిషాలు ఉండి రండి. ఆరుగురూ ఒకేసారి వెళ్తే ఒక్క మాట కూడా ఆయన దాకా చేరదు.

నేను చూసిన రోగుల్లో ధర్మవరం పట్టుచీరలు నేసిన ఒక పెద్దాయన ఉండేవారు. ఆయనకూ ఇలాగే మాట పోయింది. చూడవచ్చినవారు పండ్లు పెట్టి, నిట్టూర్చి, వెళ్లిపోయేవారు. ఆయనతో పాటు మగ్గం మీద పనిచేసిన ఒక స్నేహితుడు మాత్రం ఒకనాడు కొత్త చీర అంచు ముక్క తెచ్చి ఆయన ఎడమ చేతిలో పెట్టి, 'ఈ బుటా దగ్గర పోగు సరిగ్గా పడిందా అన్నా?' అని అడిగాడు. ఆయన వేలితో తడిమి, తల అడ్డంగా ఊపి, తప్పు పడిన చోటు చూపించారు. ఆ తర్వాత ఆ స్నేహితుడు వస్తున్నాడంటే ఉదయం నుంచే లేపి కూర్చోబెట్టమని సైగ చేసేవారు. ఆయనకు ఓదార్పుతో పెద్దగా పని లేదు. తనకు తెలిసిన విద్యలో ఒకరు తనను సలహా అడగడమే ఆయనను నిలబెట్టింది.

మీ పెద్దాయన విద్య నీళ్లు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కడప దాకా పోయే కాలువ మీద జీవితమంతా గడిపిన మనిషికి ఏ తూము దగ్గర ఎంత నీరు పారుతున్నదో ఇప్పటికీ పట్టింపే. 2024 ఆగస్టులో హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆయన ఎంత కలత చెంది ఉంటారో ఊహించుకోండి. అందుకని ప్రతిసారీ పాత సంగతులతోనే మొదలుపెట్టకండి. 'కాలువకు నీళ్లు వదిలినారంట మామా, ఈసారి చివరి ఆయకట్టుకు అందుతాయంటారా?' అని అడిగి ఆగండి. వీలైతే కాలువకు పోయి నీళ్లు పారుతున్న వీడియో ఒకటి తీసి చూపించండి. అక్కడి నుంచి ఈత రోజులకు మాట దానంతటదే మళ్లుతుంది.

జ్ఞాపకాలు రాసేటప్పుడు పొగడ్త తగ్గించి సంగతి పెంచండి. 'మీరు దేవుడిలాంటివారు' అన్న వాక్యం ఎవరికైనా సరిపోతుంది. మొదటిసారి నీళ్లలోకి దిగిన రోజు సొరబుర్ర తాడు నడుముకు ఆయన ఎలా బిగించారు, భయపడి గట్టు పట్టుకున్నవాడి చేతిని ఎలా విడిపించారు, చెప్పకుండా కాలువకు పోయిన రోజు ఎవరి చెవి మెలిపెట్టారు, ఇంటికి తీసుకుపోయి అమ్మగారు ఏమి పెట్టారు, ఇవి రాయండి. ఆయన కోపాన్ని వదిలేయకండి. తిట్టిన తిట్టు కూడా ఉన్నదున్నట్టు రాస్తేనే అది ఆయనే అని ఆయనకు తెలుస్తుంది. ఒక్కొక్కరు ఒక్క సంగతి చొప్పున, ఒక పేజీ దాటకుండా, పెద్ద అక్షరాలతో రాసి, ఆ రోజుల ఫొటో ఏదైనా ఉంటే పక్కన అంటించి ఒక ఫైలులో పెట్టండి. రోజుకు ఒక్క పేజీ చాలు. మీరు ఊళ్లో లేని రోజుల్లో అదే సంగతిని మీ గొంతుతో ఒక నిమిషం రికార్డు చేసి పంపితే అమ్మగారు చెవి దగ్గర వినిపిస్తారు. గొంతు చేసే మేలు టైపు చేసిన మాట చేయదు.

వరద సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచెత్తిన ఆ రోజు చాలా ఇళ్లలో ఇంకా మానని గాయం. ఎవరు ఏమి పోగొట్టుకున్నారో ఆ లెక్క తీయకండి. నీటి మట్టం పెరిగే తీరు చూసి ఆయన ఏమి అర్థం చేసుకున్నారో, ఎవరి తలుపు కొట్టారో, ఎవరి అవ్వను ఎత్తుకొని మెట్లెక్కారో, అంతవరకే చెప్పండి. ఆయన ఊపిరి వేగంగా తీసుకుంటున్నా, చేయి విదిలిస్తున్నా వెంటనే ఆపేసి మాట మార్చండి.

వింటూ వింటూ ఆయన ఏడవవచ్చు. పక్షవాతం తర్వాత ఏడుపునూ నవ్వునూ అదుపు చేసే శక్తి కొందరిలో తగ్గుతుంది. చిన్న సంగతికే కన్నీళ్లు వస్తాయి, నిమిషంలో ఆగిపోతాయి. దాన్ని చూసి జ్ఞాపకాలు ఆయనను బాధపెడుతున్నాయని తేల్చేసి మానుకోకండి. చేయి పట్టుకొని కూర్చోండి, కుదుటపడ్డాక ఆయన కోరితే కొనసాగించండి. అయితే రోజుల తరబడి దిగులుగా ఉండి, తిండి వద్దని, వ్యాయామం వద్దని, ఎవరినీ చూడనంటే అది వేరే సంగతి. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడింట ఒక వంతు మందికి మానసిక కుంగుబాటు వస్తుంది, దానికి మందులున్నాయి, డాక్టరుకు చెప్పించండి. మరొక మాట: సంభాషణ రాని మనిషి నోట ఒకటి, రెండు, మూడు అని వరుస లెక్క, రోజూ చదివిన శ్లోకం, పాత పాట ఉన్నట్టుండి చక్కగా రావచ్చు. అలవాటుగా వచ్చే మాటకూ, పాటకూ మెదడులో వేరే దారులు కూడా ఉంటాయి. ఆయనకు ఇష్టమైన పాట ఏదో కనుక్కొని మీరు ఎత్తుకోండి, ఆయన గొంతు కలపవచ్చు.

తినిపించే విషయంలో మాత్రం కఠినంగా చెబుతాను. డాక్టరు అనుమతించిందీ, ఇంట్లో వారు రోజూ పెడుతున్నదీ తప్ప మీరు తెచ్చిన జిలేబీ గానీ, కొబ్బరినీళ్లు గానీ, ఒక్క గుటక మంచినీళ్లు గానీ ప్రేమతో నోట్లో పెట్టకండి. పక్షవాతంలో మింగే శక్తి దెబ్బతింటే, అన్నం కన్నా పలుచని నీళ్లే త్వరగా ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తాయి. పెట్టవలసి వస్తే నిటారుగా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా పెట్టి, దగ్గు వస్తే ఆపి, ఆ తర్వాత కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. లేపేటప్పుడు పడిపోయిన కుడి చేతిని పట్టి లాగకండి, భుజం కీలు జారిపోతుంది.

ఇప్పుడు మీ మిత్రుని సంగతి. ఆయన బదులివ్వకపోవడాన్ని కోపంగా తీసుకోకండి. రాత్రంతా రెండు గంటలకొకసారి నాయనను పక్కకు తిప్పి పడుకోబెట్టే మనిషికి, అలా తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి కాబట్టి తిప్పక తప్పదు, పొద్దున ఆరు మెసేజీలకు కృతజ్ఞతలు రాయడం మరొక చాకిరీ. 'ఏమైనా కావాలంటే అడుగు' అన్న మాట కూడా భారాన్ని తిరిగి ఆయన మీదే వేస్తుంది. సీమలో ఆత్మాభిమానం ఉన్న మనిషి ఎన్నడూ అడగడు. దానికి బదులు 'శనివారం రాత్రి నేను వచ్చి నాయన దగ్గర పడుకుంటాను, నువ్వు పైన నిద్రపో, బదులు రాయవద్దు, కుదరకపోతే మాత్రం చెప్పు' అని రాయండి. మీ ఆరుగురిలో కర్నూలులోనో, దగ్గర్లోనో ఉన్నవారు రాత్రి కాపలా వంతులు వేసుకోండి. దూరాన ఉన్నవారు డబ్బు, ఫోను పనులు తీసుకోండి. కాపలా ఉండేవారు తెలుసుకోవలసింది ఒకటుంది: మూతి కొత్తగా వంకరపోయినా, ఇంతవరకు బాగున్న చేయి వాలిపోయినా, మగత కమ్మినా అది మళ్లీ వచ్చిన పక్షవాతం కావచ్చు. తెల్లారేదాకా చూడకుండా వెంటనే 108కి ఫోను చేయాలి. గడ్డ కరిగించే ఇంజక్షను పనికొచ్చే సందర్భాల్లో అది నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి.

స్నేహితులు చేయగలిగిన పనుల్లో ఎవరికీ తోచని పని కాగితాల పని. ఆయన ప్రభుత్వ పెన్షనరు కాబట్టి ఈహెచ్ఎస్ (ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు చెల్లుబాటులో ఉందా, ఫిజియోథెరపీకీ మందులకూ ఏ బిల్లులు దాచాలి అన్నది ఒకరు కనుక్కోండి. బతికి ఉన్నట్టు రుజువుగా ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని ఇప్పుడు ఆధార్ ముఖ గుర్తింపుతో ఇంట్లోనే ఫోనులో ఇవ్వవచ్చు. ఫోను ముఖాన్ని గుర్తించకపోతే ట్రెజరీ కార్యాలయంలో ముందుగానే మాట్లాడి పెట్టుకోవాలి, పెన్షను ఆగిపోయాక పరుగెత్తకూడదు. కుడి చేయి పడిపోయినందున బ్యాంకులో సంతకం కుదరదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అటువంటివారి వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చు, చేతి వేలు కుదరకపోతే కాలి వేలి ముద్ర కూడా చెల్లుతుంది. దాన్ని బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు ధ్రువీకరించాలి, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. మీలో ఒకరు మేనేజరును కలిసి ఈ ఏర్పాటు చేయిస్తే, ఆ ఇంటికి నెలల తరబడి ఉండే ఒక దిగులు తీరుతుంది.

డబ్బు ఇవ్వదలచుకుంటే బహిరంగంగా చందా పట్టకండి. మంచంలో ఉన్న ఆయన ఫొటోను ఎక్కడా పెట్టకండి. ఫిజియోథెరపిస్టుకు మూడు నెలల ఫీజు మీరే కట్టేయండి, లేదా పగటిపూట మనిషిని పెట్టి ఆ జీతం మీరు ఇవ్వండి. కట్టిన తర్వాత ఒక్క మాట చెబితే చాలు.

మిత్రునితో మాట్లాడేటప్పుడు ఒక ప్రశ్న మాత్రం ఎప్పుడూ అడగకండి. కర్నూలు వాళ్లను 'హైదరాబాదుకు ఎందుకు తీసుకుపోలేదు?' అని, అనంతపురం వాళ్లను 'బెంగళూరుకు ఎందుకు పోలేదు?' అని, కడప వాళ్లను 'వేలూరుకు చూపించాల్సింది కదా?' అని అడగడం మన దగ్గర పలకరింపులో భాగమైపోయింది. ఆ కొడుకు ఆ ప్రశ్నను రాత్రి పూట తనకు తానే వేసుకుంటూ ఉంటాడు, మీరు కూడా వేయనక్కరలేదు. పావురం నెత్తురు, నాటు మందులు అంటూ ఫోనులో తిరిగే సలహాలు పంపకండి. వాటిని నమ్మి రక్తపోటు మాత్రలో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలో ఆపేసి రెండోసారి పక్షవాతం తెచ్చుకున్నవారిని నేను వార్డులో చూశాను. మిత్రుడు విసుగుతో, కోపంతో, 'ఇంక నా వల్ల కాదు' అని అంటే 'అట్లా అనగూడదు' అని నోరు మూయించకండి. విని ఊరుకోండి. అమ్మగారిని కూడా మరిచిపోవద్దు. వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి జరిగిందంతా చెప్పి చెప్పి ఆమె అలసిపోయి ఉంటారు. ఆమెను ఆ కథ అడగకుండా, ఎవరైనా ఒక చెల్లెనో, మీ ఇంటి ఆడవాళ్లనో వెంట తీసుకుపోయి, ఆమెను గుడికో బంధువుల ఇంటికో ఒక పూట పంపించండి.

మొదటి నెలలో ఇల్లంతా జనమే ఉంటారు, ఆరో నెలకు ఎవరూ రారు. మీ వంతుల పట్టికను ఇప్పటికి మాత్రమే కాకుండా, ఆ రాకపోకలు తగ్గే నెలల కోసం ముఖ్యంగా వేసుకోండి. సంక్రాంతి, ఉగాది, రంజాన్ లాంటి పండుగ రోజుల్లో ఒకరైనా ఆ ఇంట ఉండేటట్టు చూసుకోండి.

మొదటిసారి వెళ్లేముందు ఆ పేజీలను మిత్రునికి చూపించండి. తన నాయన గురించి తనకు తెలియని సంగతులు వాటిలో ఉండవచ్చు, వాటిని అందరి ముందు మొదటిసారి వినడం ఆయనకు కష్టం కావచ్చు. ఏది ఎప్పుడు చదవాలో ఆయననే నిర్ణయించనివ్వండి. మింగడం గురించి డాక్టరు ఏమన్నారో, ఇప్పుడు నోటితో తింటున్నారో, ముక్కు గొట్టం ఉందో తెలియజేస్తే, రాత్రి కాపలా ఉండేవారికి ఆహారం, మందుల విషయంలో ఏమి తెలియాలో ఇక్కడే వివరంగా రాస్తాను.